పది బై తొమ్మిది

1984 ఆగస్టు 6, సోమవారం

మా బాసు గ్రాహం నిన్న ఇంగ్లండులో మా అసలు కంపెనీకి వెళ్ళాడు. ఆరు వారాలు రాడు. ఆఫీసు తాళాలు నాకిచ్చాడు. ఆఫీసంటే రెండు గదులు, ఒక పక్క పళ్ళ డాక్టరు, రెండో పక్క ఇన్సూరెన్సువాళ్ళు. అయినా తాళాలు తాళాలే. ఈ దేశంలో పదేళ్ళు టీవీలు విప్పి బిగించాను. ఒక్క షాపు యజమానీ తాళం చేతిలో పెట్టలేదు.

సరోజతో చెబితే "పారేసుకోకండి" అంది. హాస్పిటల్ డ్యూటీకి వెళ్తూ బూట్లు తొడుక్కుంటోంది.

ఎండ నూటపదకొండు ఫారెన్‌హీటు. స్టీరింగు తువ్వాలుతో పట్టుకోవలసి వచ్చింది.

ఆగస్టు 7

గొర్రెల కంప్యూటరు ఆటను ఇక్కడి టీవీలకు తగ్గట్టు మార్చడం మొదలుపెట్టాం. ఇంగ్లండులో బాగా అమ్ముడుపోయిందట. ఒక కుక్క, పన్నెండు గొర్రెలు, ఒక దొడ్డి. కుక్కను ఆడించేది మనం. గొర్రెలన్నిటినీ దొడ్డిలోకి తోలాలి.

అక్కడి టీవీ సెకనుకు యాభైసార్లు బొమ్మ గీస్తుంది. ఇక్కడిది అరవైసార్లు. అందుకని అక్కడ నడిచే గొర్రె ఇక్కడ పరిగెత్తుతుంది. పైగా ఇక్కడి తెర మీద గీతలు తక్కువ. అడుగున ఉన్న దొడ్డి తలుపు అసలు కనబడదు. కుక్క ఎంతో కష్టపడి గొర్రెలను తోలుకొస్తుంది, తలుపు లేని చోట నిలబడుతుంది.

టీవీ సంగతి నాది. ప్రోగ్రాము మార్చే పని నాతో పనిచేసే నళినిది. వెళ్ళేముందు గ్రాహం ఒక మాట అన్నాడు. ఈసారి ఆట మొదలవగానే వచ్చే తెర మీద మా ఇద్దరి పేర్లు వేస్తాడట. నా పేరు టీవీలో పడడం. నాకు ఆశ లేదని రాస్తే అబద్ధం.

ఆగస్టు 9, గురువారం

పొద్దున్నే ఇన్సూరెన్సువాళ్ళు గోడ మీద తట్టారు. టెలెక్సు మిషను వాళ్ళది, ఇంగ్లండునుంచి మాకు తంతిలాంటిదేమైనా అందులో వస్తే అలా తడతారు. నళిని వెళ్ళి తెచ్చింది. తీసుకున్నవాళ్ళు కాగితం అడుగున పొట్టి సంతకం పెట్టాలి, అది వాళ్ళ పద్ధతి. పెట్టి తెచ్చింది.

రెండు వరుసలు. పెద్ద షాపులవాళ్ళు గొర్రెల ఆటను క్రిస్మస్ కేటలాగులో వేయడానికి ఒప్పుకున్నారు. అసలు డిస్కు కాపీలు తీసేవాళ్ళకు 10/9 కల్లా చేరాలి.

"టెన్ బై నైన్ అంటే సెప్టెంబర్ పది గదా అన్నా?" అంది నళిని.

"వచ్చి మూడేళ్ళయింది. ఇంకా ఇండియా తారీఖులేనా? ఇక్కడ నెల ముందు."

"పంపినోళ్ళు ఇంగ్లీషోళ్ళు గదా."

"పంపింది అమెరికా ఆఫీసుకి. ఎవరికి రాస్తే వాళ్ళ పద్ధతిలో రాస్తారు."

"ఒక టెలెక్స్ కొట్టి అడుగుదామా?"

"అడిగితే వీళ్ళకి తారీఖు చదవడం కూడా రాదనుకుంటారు."

నవ్వింది. "సరే, పెద్దోళ్ళు మీరు" అంది.

గోడ కేలెండరులో అక్టోబరు 9 గడిలో పెన్సిలుతో పెద్ద అక్షరాల్లో రాసిపెట్టాను.

నళినిని తప్పుపట్టలేను. నేను కూడా వచ్చిన కొత్తలో అంతే. మొదటి షాపులో ఒక ముసలామె టీవీ మార్చి నాలుగున ఇస్తానని చీటీ మీద 4/3 అని రాశాను. ఆమె ఏప్రిల్ మూడున వచ్చింది. అక్కడ నెల దాటిన సరుకు అమ్మేస్తారు. ఆమె టీవీ అమ్మేశారు. యజమాని నన్ను కూర్చోబెట్టి పుస్తకం నిండా తారీఖులు రాయించాడు, నెల ముందు, రోజు వెనక. అప్పటినుంచి నా చెయ్యి తప్పలేదు.

ఆగస్టు 19, ఆదివారం

నళిని భోజనానికి వచ్చింది. ఆదివారాలు వస్తూనే ఉంటుంది. సరోజ గోంగూర దొరక్క దాని బదులు ఏదో ఆకుతో పప్పు చేసింది.

"వదినా, గిది గోంగూర కాదు గానీ, పేరు అడగకుంట తింటే మంచిగుంది" అంది నళిని.

సరోజ గ్రీన్ కార్డు సంగతి అడిగింది. దానికి మొదటి మెట్టుగా కంపెనీ పేరు మీద లేబర్ సర్టిఫికేషన్ అర్జీ వేశారు, ఇంకో ఏడాది ఈ ఉద్యోగంలోనే ఉండాలని లాయరు చెప్పాడట.

"నా పేపర్లన్నీ గా గొర్రెల మీదనే ఉన్నయ్ వదినా."

"ఒకవేళ రాకపోతే?"

"మా బావ రెడీగ ఉన్నడు. కరీంనగర్‌ల ఎరువుల షాపు. నన్ను గల్లపెట్టె కాడ కూసోపెడ్తడు. ఎమ్మెస్ చేసిన క్యాషియర్ ఆ జిల్లాల ఇంకెవ్వరికి లేదు."

సరోజ నవ్వింది. నళిని నవ్వుతూనే పప్పు ఇంకొంచెం వేసుకుంది.

ఆగస్టు 28

గ్రాహం ఫోను చేశాడు. లైను బాగాలేదు. బ్యాంకులతో తిరుగుతున్నానన్నాడు. ఈ కంపెనీ పెట్టిన అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవట. ఐదేళ్ళ క్రితం వాళ్ళు వంటింటి బల్ల మీద కాసెట్లు కాపీ చేసి పోస్టులో పంపేవాళ్ళు. ఇప్పుడు ముప్పైమంది జీతగాళ్ళు, వేరే వేరే మేడలు.

"తారీఖుకి అందుతుందా?" అన్నాడు.

"అందుతుంది" అన్నాను.

"మొత్తం ఆ కేటలాగు మీదే ఉంది, యోగా." నా పేరులో ఆయనకు నోరు తిరిగేది అంతవరకే.

"నాలుగు రోజుల ముందే అందుతుంది" అన్నాను. సంతోషించాడు.

సెప్టెంబరు 3, సోమవారం

సెలవు. అయినా వెళ్ళాం. దొడ్డి తలుపు పైకి జరిపాం. వేగం తగ్గించాం. కానీ గొర్రెలు బెదిరినప్పుడు గింజలు చల్లినట్టు తలో దిక్కుకి పోతున్నాయి. గొర్రెలు అలా పోవని చెప్పాను. మా ఊళ్ళో నేను చూసినవి ముందుదాన్ని చూసి పోతాయి. మొదటిది తిరిగితే తక్కినవి తిరుగుతాయి. అది గోతిలో పడితే ఇవీ పడతాయి.

"ఇంగ్లండ్ గొర్రెలు చదువుకున్నయేమో అన్నా" అంది నళిని.

మధ్యాహ్నానికి మార్చేసింది. నిజం గొర్రెల్లాగే కదిలాయి. చాలాసేపు చూస్తూ కూర్చున్నాం. ఇంకా ఐదు వారాలుంది, తొందర లేదు.

సెప్టెంబరు 11, మంగళవారం

కాపీలు తీసేవాళ్ళు ఫోను చేశారు. నిన్న రావలసిన డిస్కు ఏదని అడిగారు.

పొరపాటు జరిగింది.

సెప్టెంబరు 12

ఉన్నది ఉన్నట్టు పంపిస్తామని నళిని షాపులవాళ్ళకు ఫోను చేసింది. కేటలాగు ప్రెస్సుకు వెళ్ళిపోయిందన్నారు. ఆ పేజీలో వేరే ఎవరిదో ఆట వేశారట. పొరపాటు ఎలా జరిగిందో అనుకుంటూ సాయంత్రం దాకా ఉన్నాం. అంటే నేను అనుకున్నాను. నళిని తన పని చేసుకుంది.

ఇంగ్లండువాళ్ళు మేం చిన్నప్పుడు బళ్ళో రాసిన పద్ధతిలోనే రాశారు. మాకు ఆ పద్ధతి నేర్పింది కూడా వాళ్ళే.

సెప్టెంబరు 13

కేలెండరులో అక్టోబరు 9 గడి తుడిచాను. ఇక ఆ తారీఖుతో పని లేదు కాబట్టి. రబ్బరుతో తుడిచినా నొక్కి రాసిన గాడి కనిపిస్తోంది.

సెప్టెంబరు 17, సోమవారం

గ్రాహం వచ్చాడు. విమానం దిగి నేరుగా ఆఫీసుకే వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

టెలెక్సు కాగితం ఫైలులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అడుగున ఉన్న సంతకం మీద వేలు పెట్టాడు.

"ఇది నీదేనా, నళినీ?"

"నాదే."

"కాగితం తెచ్చింది నువ్వే?"

"నేనే తెచ్చాను."

"టెన్ బై నైన్ అంటే సెప్టెంబరు పదని నీకు తట్టలేదా?"

నళిని కేలెండరు వైపు చూసింది. తుడిచిన చోటు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు, గ్లాసు కింద పెట్టేంతసేపు.

"తట్టింది" అంది.

"మరి?"

"తప్పయిపోయింది."

ఎవరిదో చెప్పలేదు. గ్రాహం ఆమెదే అనుకున్నాడు. నేను చెప్పబోతుండగా ఫోను మోగింది. ఆయన ఎత్తాడు. ఇంగ్లండునుంచి.

రేపు చెప్పాలి. ఆయన నిద్ర లేక ఉన్నాడు. ఇవాళ చెప్పినా తలకెక్కదు.

సెప్టెంబరు 18

చెప్పలేదు. పొద్దునంతా ఆయన తలుపు వేసుకుని ఉన్నాడు.

సెప్టెంబరు 19

చెప్పలేదు.

సెప్టెంబరు 20

రోజులాగే కాఫీ ఇవ్వడానికి ఆయన గదిలోకి వెళ్ళాను. "నువ్వొక్కడివే నాకు దిక్కు, యోగా" అన్నాడు. కాఫీ పెట్టి వచ్చాను.

ఆలోచిస్తే ఇందులో నళిని భాగం కూడా ఉంది. ఆమెకు తట్టింది కదా. తట్టినప్పుడు గట్టిగా చెప్పాల్సింది. నేను టీవీ మెకానిక్‌ని, చదువుకున్నది ఆమె.

సెప్టెంబరు 23, ఆదివారం

నళిని భోజనానికి రాలేదు. ఏమైందని సరోజ అడిగింది. తారీఖు విషయంలో నళిని పొరపాటు పడిందని చెప్పాను. నా నోటినుంచి ఎలా వచ్చిందో అలాగే రాస్తున్నాను.

"అయ్యో, ఆ పిల్ల కాగితాలన్నీ దీని మీదే కదండీ. మీరు కాస్త గ్రాహంతో మాట్లాడండి" అంది సరోజ.

"మాట్లాడతాను" అన్నాను.

సెప్టెంబరు 25

నాకు పోయేది ఉద్యోగం. ఆమెకు పోయేది ఈ దేశం. ఈ లెక్క నాకు మొదటిరోజే తెలుసు. గ్రీన్ కార్డు నాకు సరోజ వల్ల ఎప్పుడో వచ్చింది. నన్నెవరూ పంపలేరు. టీవీ షాపులు ఊరంతా ఉన్నాయి.

తెలిసీ ఆయన తలుపు తట్టలేదు.

సెప్టెంబరు 28, శుక్రవారం

నళినిని తీసేశారు. షాపులవాళ్ళకు చెప్పుకోవడానికి ఇంగ్లండులో ఒక పేరు కావాలన్నారట. గ్రాహం ఆ పేరు ఇచ్చాడు. లేబర్ సర్టిఫికేషన్ వెనక్కి తీసుకుంటూ ఉత్తరం కూడా ఇవాళే పోస్టులో పడింది.

ఆమె సామాను ఒక అట్టపెట్టెలో సర్దుకుంది. రెండు పుస్తకాలు, ఒక స్వెట్టరు, మాగాయ సీసా. సీసా సరోజ ఇచ్చింది. దాన్ని బల్ల మీదే వదిలేసి వెళ్ళింది.

అక్టోబరు 2

మొదటి తెర మీదనుంచి నళిని పేరు తీసేయమని గ్రాహం చెప్పాడు. పది నిమిషాల పని. ఒక పేరే మిగిలేసరికి ఎడమ పక్కకు ఒరిగినట్టుంది. మధ్యకు జరిపాను.

అక్టోబరు 5

నళిని ఫోను చేసింది. కంప్యూటరు చిప్పులు చేసే ఒక కంపెనీలో ఉద్యోగం అడుగుతోందట, పాత ఆఫీసునుంచి ఒక ఉత్తరం కావాలంది. గ్రాహం ఇవ్వనన్నాడు.

నేను రాసిచ్చాను. మూడుసార్లు టైపు చేశాను. కష్టజీవి, తెలివైనది, రెండేళ్ళలో ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు అని రాశాను. ఆ ఉత్తరంలో ఒక్క అబద్ధం కూడా లేదు.

అక్టోబరు 9, మంగళవారం

ఆట పూర్తయింది. తెర మీద తలుపు కనిపిస్తుంది. గొర్రెలు సరిగ్గా నడుస్తాయి. కొనేవాళ్ళు లేరు.

అక్టోబరు 16

ఆ చిప్పుల కంపెనీవాళ్ళు కొత్తవాళ్ళను తీసుకోవడం ఆపేశారట. మరో రెండు చోట్ల, ఎందుకు తీసేశారని అడిగారట. లాయరు నవంబరు మొదటివారం లోపల వెళ్ళిపోవడమే మంచిదన్నాడు. ఇవన్నీ సరోజ ద్వారా తెలిశాయి. నళిని ఇప్పుడు సరోజ హాస్పిటల్లో డ్యూటీలో ఉన్నప్పుడు అక్కడికే ఫోను చేస్తోంది.

అక్టోబరు 18

చెప్పాను.

మధ్యాహ్నం గ్రాహం గదిలోకి వెళ్ళి నిలబడే చెప్పాను. "ఆ తారీఖు కేలెండరులో రాసింది నేను. నళిని సెప్టెంబరనే అంది. కాదన్నది నేను."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. నన్ను చూసి నవ్వాడు. మంచి నవ్వే.

"నువ్విలా వస్తావని అనుకుంటూనే ఉన్నాను. మీవాళ్ళు ఒకరికొకరు నిలబడతారు. ఆ గుణం మాలో లేదు. కానీ సంతకం ఆమెది, యోగా. తప్పయిపోయిందని ఆమే ఒప్పుకుంది, నీ ఎదురుగానే."

"అది కాదు, నిజంగా నేనే..."

"ఉత్తరం వెళ్ళిపోయింది. వెనక్కి రాదు. నీ మీద వేసుకుంటే ఇద్దరు పోతారు. ఇక వదిలెయ్యి."

గోడ దగ్గరకు తీసుకెళ్ళి ఆ గడి చూపించవచ్చు. నా రాత గాడి అక్కడే ఉంది. చూపించలేదు. బయటకు వచ్చాను.

చెప్పడమైతే చెప్పాను. ఆయన నమ్మలేదు.

అక్టోబరు 19

ఆయన నమ్మలేదు.

నవంబరు 3, శనివారం

నళినిని ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళాను. సరోజకు డ్యూటీ. ఇంకెవరూ లేక నళిని ఒప్పుకుంది. రెండు సూట్‌కేసులు. ఒకటి తాడుతో కట్టింది.

ఫ్రీవే ఎక్కాం.

"బావ స్టేషన్‌కి వస్తాడా?" అన్నాను.

"వస్తడు. పూలదండ కూడ తెస్తడేమో. ఎరువుల కంపెనీ బ్యాగులనే తెస్తడేమో." నవ్వు రాలేదు, మాట మాత్రం నవ్వేలా అంది.

ఇంకో రెండు మైళ్ళు.

"నళినీ, నేను గ్రాహంతో చెప్పాను."

"ఎప్పుడు?"

"మొన్న పద్దెనిమిదిన."

"ఎన్నిసార్లు చెప్పిన్రు?"

"ఒకసారి."

తల ఊపింది. కిటికీలోంచి బయటకు చూసింది. బయట ఏమీ లేదు, మట్టి, ముళ్ళచెట్లు.

"నేను పదకొండు రోజులు చూసిన అన్నా. రోజు పొద్దుగాల మీరు కాఫీ పట్టుకొని ఆయన రూంలకు పోతుంటే, ఇయ్యాల చెప్తరు అనుకునేదాన్ని. బయటికొచ్చినంక మీ మొకం చూసేదాన్ని. మీరు కప్పు కడుక్కునేటోళ్ళు."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"మీ ఇంట్ల తిన్న. మీరు కూసున్నకాడ మీ పేరు ఎట్ల చెప్త? మీరే చెప్తరనుకున్న."

"నళినీ, నేను..."

"అన్నా, ఇప్పుడు నాకేం చెప్పకండి. చెప్తే నేను పర్వాలేదనాలె. ఇన్ని రోజులు తిన్న నోటితోని అనక తప్పదు. నాతోని అది అనిపియ్యకండి."

అనిపించలేదు. సామాను దింపాను. తాడు కట్టిన సూట్‌కేసు బరువుగా ఉంది. లోపలికి పట్టుకొస్తానంటే వద్దంది. "వదినకు చెప్పండి" అంది. ఏం చెప్పాలో అనలేదు.

డిసెంబరు 7, శుక్రవారం

ఇన్సూరెన్సువాళ్ళు గోడ మీద తట్టారు. ఇప్పుడు వెళ్ళేవాడిని నేనే. సంతకం పెట్టి తెచ్చాను.

ఇంగ్లండులో కంపెనీ మూసేశారు. తలుపులకు కోర్టువాళ్ళు తాళాలు వేశారు. ముప్పైమందీ రోడ్డు మీద. అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు కేసు వేసుకున్నారు. గ్రాహం కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ కేటలాగు దొరికి ఉంటే?" అన్నాను.

"దొరికితే ఇంకో ఏడాది నడిచేది" అన్నాడు.

ఇంకో ఏడాది. నళిని లాయరు అడిగింది కూడా అంతే.

కానీ ఎలాగూ మునిగేదే. అన్నదమ్ముల గొడవ ఉంది, బ్యాంకులున్నాయి. ఒక్క తారీఖు వల్ల ఏ కంపెనీ మునగదు. ఎలాగూ మునిగేదే.

డిసెంబరు 14

ఆఫీసు ఖాళీ చేశాం. గ్రాహం మా ఇంటికి వచ్చి సరోజకు వీడ్కోలు చెప్పి వెళ్ళాడు. వాళ్ళిద్దరూ వాకిట్లో చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను కారులో డబ్బాలు సర్దుతున్నాను. సరోజ లోపలికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆమెకు అలాంటి అలవాటు లేదు. ఎందుకో అడగలేదు.

డిసెంబరు 31

టీవీ షాపులో చేరాను. పాత యజమాని కొడుకు నడుపుతున్నాడు.

1985 జనవరి 20, ఆదివారం

వాసుదేవరావు గారింట్లో భోజనం. నాలుగు కుటుంబాలు. భోజనాల మధ్యలో వాళ్ళావిడ రాధారాణి గారు నళిని సంగతి అడిగారు.

నేను పెరుగు కలుపుకుంటున్నాను. సరోజ చెప్పింది.

"పాపం, ఆ పిల్ల తారీఖు తప్పు చదివిందండీ. కానీ ఈయన తను చేసింది ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. గ్రాహం చెబితే తెలిసింది. ఆ తప్పు నేనే చేశానని ఈయన వెళ్ళి తన మీద వేసుకున్నారట. ఆ పిల్ల కోసం. ఆయన నమ్మలేదనుకోండి."

బల్ల చుట్టూ అందరూ ఆగారు. వాసుదేవరావు గారు నా వైపు తిరిగారు.

"ఈ రోజుల్లో ఎవరు చేస్తారండీ ఇలాగ! సొంత చెల్లెలికైనా చేయరు."

"చెప్పుకోరు కూడా" అన్నారు రాధారాణి గారు. "మా ఆయన కారు తోస్తే పది మందికి చెప్తారు."

అందరూ నవ్వారు. సరోజ నా వైపు చూసింది. పెళ్ళైన పదిహేనేళ్ళలో నన్ను అలా చూడలేదు.

ఏదో అనాలని అందరూ ఎదురుచూస్తున్నారు. నోట్లో ముద్ద ఉంది. మింగాను.

"ఇంకొంచెం అన్నం పెట్టమంటారా?" అన్నారు రాధారాణి గారు.

పెట్టమన్నాను. పెట్టారు. తిన్నాను.